మనకాడ పడలేదు

మూడు గంటల నలభై ఒక్క నిమిషానికి
ఒక చుక్క ఆరిపోవాలి.
దానికి అడ్డమొచ్చే రాయికి పేరు లేదు,
అంకె ఒకటే ఉంది,
నేను రోజూ రాసుకునే కరెంటు సర్వీసు నంబరంత పొడుగు.

రాయి మాకు కనబడదు.
దాని నీడ మాత్రం
గుంతకల్లు మీదా వజ్రకరూరు మీదా
సెకనుకు పదిహేను కిలోమీటర్లు పరుగెత్తి
ఒక్క కుక్కను కూడా లేపకుండా వెళ్లిపోతుందట.
మా జిల్లా వర్షచ్ఛాయలో ఉందని
ఎనిమిదో తరగతిలో బట్టీ పట్టినవాణ్ని,
నీడ అంటే నాకు కొత్త కాదు.

ముగ్గురం నేలను పంచుకున్నాం.
గుంతకల్లులో రైల్వే క్వార్టర్స్ మిద్దె మీద నాగవేణి.
వజ్రకరూరు దాటినాక ఖలందర్.
కూడేరు దోవలో, ఎవరిదో అడగకుండానే,
శనగచేని గట్టు మీద నేను.

నా దుర్భిణి గొట్టం
నీళ్లు పడని బోరుకు తెచ్చిన కేసింగు పైపు.
అడుగున ఆరంగుళాల అద్దం,
నాగవేణి నాలుగు నెలలు రుద్ది రుద్ది
వేలిముద్రలు పోగొట్టుకుని ఇచ్చింది.

రెండున్నరకు టార్చి ఒకటి గట్టెక్కింది.
వెనక కంబళి, కంబళిలో ముసలాయన:
జింకలకు కాపలా ఉన్న ఉజ్జినప్ప.
"యాడోనివప్పా? నిధి తవ్వను వచ్చినావా?"
పైపు తట్టి చూశాడు.
"బోరు పాయింటా?"
చెప్పాను.
విన్నాడు.
"చుక్కకు రాయి అడ్డం పోతాది,
ఎంతసేపు పోయెనో నువ్వు రాసుకుంటావు."
"అంతే పెద్దాయనా."
"కూలి ఎవరిస్తారు?"
నేను నవ్వేలోగా
ఆయనే టార్చి ఆర్పేశాడు.

ఫోను రికార్డింగులో పెట్టి గట్టున ఉంచాను.
పోతే 'పాయె' అనాలి.
తిరిగొస్తే 'వచ్చె' అనాలి.
చూపు మాటయ్యేలోపు నాకు
సెకనులో మూడో వంతు ఆలస్యం;
వంటింట్లో బల్బు స్విచ్చి ఆర్పీ వెలిగించీ
నా భార్య నెలరోజులు కొలిచి తేల్చింది.

నలభై.
కన్నులో నీళ్లు. రెప్ప వేయకూడదు.
నలభై ఒకటి.
ఉంది.
దూరాన గాలిమరల ఎర్రదీపాలు
అన్నీ ఒక్కసారి ఆరి, అన్నీ ఒక్కసారి వెలిగాయి.
ఉంది.
పక్కన ఉజ్జినప్ప ఊపిరి ఆగింది.
ఉంది.
నలభై మూడు.
నోరు తెరిచే ఉంది నాది, మాట లేక.

ఫోను మోగింది. నాగవేణి:
"పాయెన్నా! వచ్చె! ఒకటీ పాయింటు తొమ్మిది!"
తర్వాత ఖలందర్, రెండూ పాయింటు ఆరు,
నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలీలేదు.
"నీకాడ?" అన్నాడు.

"ఏమాయె?" అన్నాడు ఉజ్జినప్ప కూడా.
"మనకాడ పడలేదు పెద్దాయనా, నీడ."
"పక్కూర్లో పడిందంటనా?"
"పడింది."
"అంతేలే.
ఈ యాడు ఆశ్లేష కార్తెలో
గట్టుకవతల సుంకన్న చేను తడిసె,
నా చేన్లో దుమ్ము లేచె.
ఊరికే ఉండలేక గట్టెమ్మడి నడిస్తి.
తడి యాడ నిలిచెనో కాలికే తెలిసె."

నేనేమీ అనలేదు.
తాళమేసిన ఇంటికి కూడా వెళ్లి
తిరగని మీటరు చూసి సున్నా వేసొస్తాను ప్రతి నెలా.
ఖాళీ గడి వదిలితే ఆఫీసులో తిడతారు.
సున్నా వేస్తే ఎవరూ ఏమీ అనరు.
మూడో గడిలో సున్నా వేశాను.
రాయి అంచు
వజ్రకరూరుకూ నా చెప్పులకూ మధ్యే ఎక్కడో ఉంది.

"యాదీ, నన్నూ చూడనీ," అని
పైపు పక్క బెజ్జానికి కన్ను ఆనించాడు ముసలాయన.
చాలాసేపు.
ఎంతసేపంటే మంచుకు నా చొక్కా తడిసింది.

ఇంటికొచ్చి రికార్డింగు మొత్తం విన్నాను.
కీచురాళ్లు. జింక ఒకటి చేనుకడ్డం పడి పరుగు.
ఇద్దరి ఊపిరి. ఫోను గోల.
ఆపడం మరిచిపోయినట్టున్నాను,
చిట్టచివర, బొంగురుగా, నాది కాని గొంతు:

"ఉండాదప్పా."