నక్షా చదివే గొంతు

మట్టెవాడల మా మగ్గం మీద
ఆరుగురు కూసుంటే ఒక్కడే మాట్లాడేది.
జమాల్ ఉస్తాద్. నక్షా కాయితం మోకాళ్ళ మీద పరుచుకొని
రాగం తీసినట్టు పిలిచెటోడు:
రెండు ఎరుపు, ఒకటి తెలుపు, మళ్ళ ఎరుపు, విడువు.
పన్నెండు చేతులు ముడేసేవి.
ఏం బొమ్మ లేస్తుందో ఎవరూ అడగరు.
అడిగితే వరస తప్పుతది.

ఎడమ నుంచి రెండోవాడు మా తాత, ఆడెపు బుచ్చిమల్లు.
తివాచీలు వేపాకు మడతలతోని
బొంబాయి దాటి, సముద్రం దాటి, హాంబర్గుకు పోయేవి.
అక్కడ ఫ్రీడ్‌లాండర్ అని షావుకారి.
చూసినోళ్ళు లేరు, ఉత్తరాలే.
ఒకసారి రాసిండట: బిడ్డ గదికి చిన్నదొకటి కావాలె,
దానిమ్మ గింజ రంగు.
మా దగ్గర ఆ చెట్టు పెరగదు, మీరే చూసి అద్దండి.

ఫసలీ పదమూడు వందల నలభై మూడు.
ఉత్తరం రాలే. పైసలు రాలే.
కోర్టు గుమాస్తా వెంకటనర్సు చాయ్ హోటల్ల పేపరు చదివి చెప్పిండు,
అక్కడొకడు లేచిండట.
వానికంటె ముందుగాల ఇటలీల ఇంకొకడు.
పని దొరకని పోరగాండ్లకు ఒక్క తీరు అంగీలు తొడిగి
బజారు పొడుగూత నడిపిస్తరట.
ఓట్లేసిండ్రా వానికి?
కొన్ని ఓట్లు, కొంత భయం, మిగిలిందంత అలసట.
రొట్టెముక్కకు గంపెడు నోట్లు మోసినోళ్ళు
ఎవడో ఒకడు గట్టిగ మాట్లాడితే చాలనుకున్నరట.
మరి మొక్కుతరా?
చెయ్యి లేపి మొక్కుతరట.
తాత చాయ్ సాసరల పోసుకొని, ఊదకుంటనే పట్టుకున్నడు.
గడి ముందట మనం నడుం వంచుతం.
వాళ్ళు నిలవడే వంగుతుండ్రన్నట్టు.

తర్వాత అదే వీధి, అదే ఇంటి నెంబరు,
వేరే పేరుతోని ఆర్డరొచ్చింది.
కాయితం మాత్రం మునుపటికన్న మందం.
ఎర్ర నేల. నడుమ తెల్ల సున్న. సున్నల నల్లటి గుర్తు.
అవ్వ వంగి చూసి, ఇది మన గడప మీదిదే గద, అన్నది.
కొంచెం ఆగి,
ఎవరో దీని మెడ వట్టి పక్కకు వంచిండ్రు, అన్నది.
ఫ్రీడ్‌లాండర్ ఏమైండు?
ఆ ముచ్చట ఆర్డర్ల లేదు.

ఇగ మా ఇంట్ల చెప్పుకునేది ఇది:
ఉస్తాద్ నలుపు అని పిలువబోయి దగ్గిండు,
తాత పంజా కింద పెట్టిండు,
ఆరుగురు లేచి వాకిట్లకొచ్చిండ్రు,
నక్షా పొయ్యిల కాలింది.
బడిల ముప్పై ఏండ్లు నేనే చెప్పిన,
చరిత్ర పాఠం నడుమ పుస్తకం మూసి,
గొంతు కొంచెం పెంచి.

మొన్న సున్నం వేయించేటప్పుడు
అటక మీద ఖాతాబుక్కు దొరికింది.
తాత చేతిరాత, ఒత్తి రాసే అలవాటు:
"హాంబర్గు. పన్నెండడుగులు, తొమ్మిదడుగులు. ఎరుపు, తెలుపు, నలుపు.
పైకం ముట్టింది. ఉస్తాదు బాకీ తీరింది.
ఇంటి రేకులకు హాలి పద్దెనిమిది."
కింద గీత.
గీత కింద మామూలే, ఉన్ని బాకీ, గ్యాసునూనె బాకీ.

ఆ రేకులు ఇప్పటికీ ఉన్నయి.
వానకు వాటి చప్పుడు వినుకుంటనే నేను చదువు నేర్చిన.
తాతను ఏమనను?
ఆ ఏడు మగ్గం ఆగితే ఆరిండ్లల్ల పొయ్యి ఆగేది.
హాంబర్గుల గూడ
ఎవరో గుండీలు కుట్టి ఉంటరు, ఎవరో జెండా గుడ్డ కత్తిరించి ఉంటరు,
వాళ్ళ ఇండ్లు గూడ కురుస్తుండొచ్చు.
అయినా పిల్లలకు చెప్పిన ఆ పొయ్యి,
ఆ కాలిన కాయితం
నా నోట్లెనే ఇంకా పొగ.

నాలుగు పేజీలు వెనక్కి తిప్పిన.
"చిన్నది. దానిమ్మ రంగు. షావుకారి బిడ్డకు.
బయానా ముట్టింది."
పక్కన వేరే సిరాతోని, ఎప్పుడు రాసిండో,
"పంపవలసి ఉన్నది."