సంతకం గీత

ఆ ఏడు ఫారం మీద గీత లేదు.
పందొమ్మిదేళ్లు నా పేరు కూర్చున్న గీత,
'ఉపాధ్యాయురాలి సిఫారసు' అన్న మాట కింద
వెంట్రుకంత సన్నగా ఉండేది.
వేసవిలో స్కూలు బోర్డు వాళ్లు చేతులెత్తి
దాన్ని చెరిపేశారు.
అడ్వాన్స్‌డ్ కెమిస్ట్రీ ఇక ఎవరికైనా.
పేరు రాస్తే చాలు.

మొదటి రోజు
ఇరవైనాలుగు స్టూళ్లు, ముప్పైఒక్క మంది.
కొందరు కిటికీ అంచున సర్దుకున్నారు.
సింకు పక్కన నిలబడ్డాడు వేలన్,
ముంజేతుల నిండా హాప్స్ తీగల గీరలు,
రాత్రి షిఫ్టు దిగి తిన్నగా బడికొచ్చినట్టు.
కళ్లతోనే జల్లెడ పట్టాను. అలవాటు.
వీడు క్రిస్మస్ దాకా ఉండడు.
ఆ పిల్లకి లాగరిథంలు రావు.
ఆ మూలవాడు స్నేహితుడి కోసం వచ్చాడు.

నా చేట శుభ్రంగా చెరుగుతుందనుకునేదాన్ని.
ఏటా పన్నెండు మంది, పన్నెండు మందీ పాసు.
ప్రిన్సిపాల్ క్విగ్లీ ఆ అంకెకి ఫ్రేము కట్టించి
ఆఫీసు గోడకి మేకు కొట్టాడు.
యాకిమా లోయలో ఇన్ని వందల పిల్లలుంటే
పన్నెండే ఎందుకని
ఎవరూ అడగలేదు. నేనూ.

అక్టోబరులో వాయు నియమాలు.
వెనక నుంచి యారెలీ చెయ్యెత్తింది.
"మిస్, మా అమ్మ పనిచేసే చోట ఒక గది ఉంది.
గాల్లోంచి ఆక్సిజన్ లాగేస్తారు,
నూటికి రెండు పాళ్లు ఉంచుతారు.
ఆపిల్ పళ్లు నెలల తరబడి నిద్రపోతాయి.
తలుపు మీద పుర్రె బొమ్మ.
మనిషి లోపలికెళ్తే
రెండు ఊపిర్లు, అంతే, మూడోది ఉండదట.
ఆ రెండు పాళ్లని ఎలా కొలుస్తారు?"

బోర్డు మీద 'పాక్షిక పీడనం' అని రాయబోతే
మార్కర్ ఎండిపోయి కీచుమంది.
ఈ ప్రశ్న పన్నెండు మందిలో ఎవరూ వెయ్యలేదు.
వాళ్లిళ్లలో ఆపిల్ తినేవాళ్లే ఉన్నారు.

గురువారం సాయంత్రాలు లాగరిథంలు,
ఆఖరి బస్సు వచ్చేదాకా.
వేలన్ ఫిబ్రవరిలో మానేశాడు.
నేననుకున్నదానికన్నా ఏడు వారాలు ఎక్కువ ఉన్నాడు.
ఆ ఏడు వారాలని ఏ గడిలో రాయాలో
రిజిస్టరులో లేదు.

పదకొండేళ్ల కింద బ్రిసేడా అని ఒకమ్మాయి
మూడుసార్లు నా బల్ల దగ్గరికొచ్చింది.
ఆల్జీబ్రాలో సి. వచ్చే ఏడు చూద్దామన్నాను.
ఆమెది ఆఖరి ఏడు. నాకు తెలుసు.
అడగందే అమ్మైనా పెట్టదంటారు.
అడిగినా పెట్టని చెయ్యి నాది.
ఆ ఫారం ఇంకా సొరుగులో ఉంది,
గీత ఖాళీగా.

జులైలో మార్కులొచ్చాయి.
ఇరవయ్యేడు మంది రాస్తే పదకొండు మంది గట్టెక్కారు.
గోడ మీది ఫ్రేము ఎప్పుడు దిగిందో చూడలేదు,
మేకు మాత్రం ఉంది.
యారెలీకి అయిదుకి రెండు.
రెండు.
పళ్లు నిద్రపోవడానికి సరిపోయే అంకె.
నేనే ఆ గదిలోకి తోశానా అని
ఆ రాత్రి చాలాసేపు లెక్కేసుకున్నాను.

శరదృతువులో కాలేజీ నుంచి నాలుగు వాక్యాలు:
"మొదటి ల్యాబ్. బ్యూరెట్ ఇచ్చారు.
పక్కవాళ్లు నిలబడి పైఅంచు చదివేశారు.
నేను మోకాళ్లు వంచి, కంటిని నీటి మట్టానికి దించి,
కింది వంపు చదివాను."
క్లాసులో సి ప్లస్ అట.
చివర్లో, చిన్నగా: మానట్లేదు మిస్.

ఈసారీ ముప్పైఒక్క మంది.
ఏడు స్టూళ్లు కావాలని ఆఫీసుకి రాశాను.
కింద సంతకం పెట్టాను.
మూడొచ్చాయి.
మిగతా నలుగురికి
కిటికీ అంచు తుడిచి ఉంచాను.