అర లీటరు

పొద్దుగాల్నే మీ అమ్మ సీసల నీళ్లు పోసి
పెన్నుతోని గీతలు గీస్తది.
పగటికి ఈ గీతదాక,
గోలీలకు ఈ గీతదాక,
రాత్రికి అడుగున మిగిలింది.
డాక్టరు చెప్పిన లెక్క.
ఇరవై ఆరేండ్లు ఊరికి నీళ్లిడిసిన లింగస్వామికి
రోజుకు అర లీటరు.

నవ్వొస్తలేదా శ్యామలా?
నాకైతే ఒకటి రెండు సార్లొచ్చింది.

మంగళారం, గురువారం, శనివారం
మర్రిగూడ కాడ తొలి బస్సెక్కి
చండూరు, మునుగోడు దాటి నల్లగొండ పెద్ద దవఖాన.
నాలుగు గంటలు మిషను నా నెత్తురు కడుగుతది.
పక్క మంచంల కనగల్లు పంతులు సారు గుర్రు పెడ్తడు.
నాకు నిద్ర రాదు,
నీళ్లు తిరిగే సప్పుడింటుంట.
గాలి జొర్రితే ఎట్లుంటదో, జాలి జామైతే ఎట్లుంటదో
నర్సమ్మకన్న ముందుగాల నేనే చెప్త.

ఆ సప్పుడుల్నే మీరొస్తరు.

సైకిలు ముందటి కడ్డీ మీద నువ్వు,
ఎనక క్యారేజీ మీద సైదులు,
వాల్వు తిప్పే ఇనుప చావి హ్యాండిలుకు అడ్డంగ.
చీకటుండంగనే గుంతల దిగి
వాడు పైపుకు చెవి ఆనిచ్చేటోడు.
"ఉరికొస్తున్నయ్ నాయినా, ఉరికొస్తున్నయ్."
ఒక్కనాడు తప్పలే వాని చెవి.

కృష్ణ నీళ్లొచ్చిన తొలినాడు ఊరంత డప్పులు.
నువ్వు దోసిట్ల పట్టి తాగి మొకం చిట్లిచ్చినవ్,
"చప్పగున్నయ్."
బోరింగు నీళ్లకు మరిగిన నాలిక మరి.
ఆ బోరింగే నీ పండ్ల మీద గోధుమ చారలు గీసింది.
నవ్వొస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకునేదానివి.
ట్యాంకు నిండి పొర్లిననాడు మాత్రం
ఆ ధార కింద, రెండు చేతులు మీదికెత్తి
నోరంత తెరిచి నవ్వినవ్.
నేను మోటరు బందు వెట్టాలె.
పెట్టలే, కొంచెం సేపు.
సర్పంచి తిట్టిండు. పడ్డ.

ఒకసారి అడిగినవ్:
"కాలనీకెందుకు నాయినా ఎప్పుడు ఆఖరుకు?"
"ఎత్తు మీదుంది బిడ్డా, నీళ్లెక్కయి" అన్న.
ఎత్తు గాదది. పల్లం.
నీళ్లకు తెలుసు. నీగ్గూడ తెలుసు,
అప్పుడేమనలే.
పదిహేనేండ్లకు అన్నవ్,
ఆ పల్లంల పిలగాని చెయ్యి వట్టుకొని.
సాక్షి సంతకం సైదులుది.

నేనేం జేసిన?
వాకిట్ల నల్లా కింద కూసోని
బతికున్న బిడ్డ పేరు జెప్పి
నెత్తిన బిందెలు కుమ్మరిచ్చుకున్న.
ఏడు.
ఎనిమిదోది సగం గూడ నిండలే, నల్లా ఆగింది.
సందు మొగదాల వాల్వు కట్టేసి
చావి తెచ్చి నా కాళ్ల ముందట పెట్టి
పోయిండు సైదులు.
ఒక్క మాటనలే.
చావి ఇంక వాకిట్లనే ఉంది, జంగు పట్టి.

మంచంల పండి లెక్కవెడుత:
బిందెకు పదిహేను లీటర్లు,
ఏడు బిందెలకు నూటైదు.
ఇప్పటి నా లెక్కల రెండు వందల పది దినాల దూప.
డాక్టరు అన్ని దినాలు చెప్తలేడు.

వరండాల మీ అమ్మ ఫోన్ల గుసగుస.
నేను పండుకున్ననుకుంటది.
"ఆఁ, గీత దాటుతలేడు. కాళ్లు జెర వాసినయ్. అన్నం తిన్నవా నువ్వు?"
ఎవలతోని అని అడుగ.
అడిగితే ఆపేస్తదేమోనని.

మొన్న గురువారం ఆ ఫోను
నా మంచం పట్టె మీద, మిషను పక్కకు పెట్టి
చాయకు పోయింది.
బందు వెట్టలే.
అవతల ఊపిరి. మాట లేదు.
నువ్వో, వాడో.
దగ్గుదామనుకున్న, దగ్గలే.
మిషనుల నీళ్లు తిరుగుతున్నయ్.
ఇననియ్ అనుకున్న.