పదకొండో మంచం దగ్గర

నాకిచ్చిన పని చూడటం.
చేతిలో అట్ట, అట్ట మీద ఫారం, ఫారంలో ఇరవై గడులు.
ఒకటి నుంచి ఐదు దాకా ఏదో ఒక అంకెకి సున్నా చుట్టాలి.
తిరుపతి పెద్దాసుపత్రి, ఆడవాళ్ళ వార్డు,
ఎనిమిదిన్నరకే ఫినాయిలూ ఇడ్లీ పొట్లాలూ ఒకే వాసన.

ముందు డాక్టర్ చెంగల్రాయులు గారు,
వెనక తెల్లకోట్ల గుంపు,
గుంపు వెనక, మంచానికీ గోడకీ మధ్య నేను,
ఏ రోగికీ చెందని చుట్టంలా.

ఆయన మంచి గురువు. ఆ మాట ముందే రాసేస్తాను.
జ్వరంతో వచ్చిన అవ్వ చేతికి పుత్తూరు కట్టు చూసి
నవ్వబోయిన కుర్రాళ్ళని కంటితోనే ఆపినారు.
ఆ చూపుకి గడి లేదు. మార్జిన్లో రాసుకున్నాను.

నా గడియారంలో సెకన్ల ముల్లు మాత్రం వేరే సంగతి చెప్పింది.
తొమ్మిది మంచాలు, ముప్పై ఒక్క ప్రశ్న,
ఇరవై ఆరింటికి జవాబు ఆయనదే.
ప్రశ్నకీ జవాబుకీ మధ్య రెండు సెకన్లు,
కదిలే అలిపిరి బస్సు ఎక్కేవాళ్ళకి దొరికేటంత.
ఆరో మంచం దగ్గర వాయల్పాడు పిల్ల ఫర్జానా
పెదవి విప్పింది.
అప్పటికే ఆయన జవాబు చెప్పి దుప్పటి కప్పేసినారు.
ఆ పెదవి మళ్ళీ మూసుకోవడం నేనొక్కణ్ణే చూసినాను.

క్యాంటీన్లో టీ తాగుతూ చెప్పినాను.
ఆయన గ్లాసు అడుగున చక్కెర చాలాసేపు తిప్పినారు.
"బయట ఓపీలో మూడొందల మంది కూర్చోనుంటే
రెండు సెకన్లే పెద్ద దానం సార్" అన్నారు.
నా దగ్గర దానికి జవాబు లేదు. ఫారంలోనూ లేదు.

మర్నాడు పదకొండో మంచం. నాగలాపురం దేశమ్మ.
ఫర్జానా చెయ్యి పక్కటెముకల కిందనే తడుముతోంది.
"ఏమ్మా, స్ప్లీన్ అంచు ఎందుకు దొరకలేదు?"
అడిగి, నా వైపొకసారి చూసి, ఊరుకున్నారు.
మూడు. ఫ్యాను కిర్రుమంది.
ఐదు. ఎవరో దగ్గు మింగినారు.
ఏడు. ఆయన దవడ కదిలింది, ఆగింది.
ఎనిమిదికి దేశమ్మే ఓర్చుకోలేకపోయింది:
"కిందినించి రా పాపా.
మూడు వారాలుగా చూస్తాండా, అందరూ పైన్నే వెతికేది."

వార్డు నవ్వింది. ఆయన కూడా, కొంచెం ఆలస్యంగా.
ఫర్జానా చెయ్యి బొడ్డు దాటి దిగి,
మెల్లగా పైకొస్తా పైకొస్తా ఒకచోట నిలిచింది.
"ఆ" అంది.
"ఆ" అంది దేశమ్మ కూడా.

నేను కలం తెరిచినాను.
'బోధించినవారి పేరు' అన్న గీత మీద
కలం ఆగినచోట
సిరా చుక్క మెల్లగా వెడల్పవుతా ఉంది.