పన్నెండు గడులు

సంబావలో పచ్చి వెనిల్లా కొనే కొట్టు.
రసీదు మిషను నోరు రెండంగుళాలు.
వరసకి ముప్ఫై రెండు గడులు,
బతిమాలినా ముప్ఫైమూడోది ఇవ్వదు.

పంచాను.
పేరుకి పన్నెండు, ఎడమ గోడకి చేరగిలబడి.
కిలోలకి ఏడు, అరియరీలకి పదమూడు,
అంకెలన్నీ కుడి గోడకి,
ఒకట్ల కింద ఒకట్లు, చుక్క కింద చుక్క.
చాలకపోతే ఖాళీలు కూరు.
ఎక్కువైతే కోసెయ్.
రెండే వాక్యాలు. రాసిన రాత్రి హాయిగా నిద్రపోయాను.

మా దీవిలో పేరంటే పిలుపు కాదు,
పుట్టిన పూట ఎవరో పూర్తిచేసి పెట్టిన వాక్యం.
నాకు తెలీక కాదు, నా పేరూ పందొమ్మిది అక్షరాలు.
కానీ కత్తెర నా చేతిలో ఉంది,
నా పేరు రసీదు మీదికి రాదు.

మూడోరోజు రవెలుమనంత్సువ వచ్చాడు,
నలభై ఒక్క కిలోలు, తడి బుట్టలు రెండు.
మనవరాలు ఫారా రసీదు కూడబలుక్కుని
"తాతా, నీ చివర ఊడిపోయింది" అంది.
ఆయన కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు.
డబ్బు వైపు చూడలేదు.
"బతికి, పొందినవాడు మేలు, అని మా అమ్మ పెట్టింది.
బతికి, పొంది... అక్కడ ఆపేశావు.
ఏం పొందానమ్మా నేను?"

లెక్కపెట్టాను. మా లిపిలో పదిహేను,
పన్నెండు పోను మూడు.
సరిగ్గా ఆ మూడే. సువ.
మేలు.

వెనక నిలబడ్డ సువ నవ్వింది.
అవును, మనిషి పేరే సువ,
మూడక్షరాలు, భర్త పోయి ఆరేళ్ళు.
"నా పక్కన తొమ్మిది ఖాళీలు ఊరికే పడున్నాయిగా,
ఓ మూడు ఆయనకిచ్చెయ్."
ఖాళీ కూడా అక్షరమేననీ
అది వరస దాటి ఇంకొకరింటికి పోదనీ
ఆమెకెలా చెప్పను?

మేనేజరు తుంబుజాఫీ కాగితం చుట్ట ధర రెండుసార్లు చెప్పాడు.
చెప్పనీ.
ఆ రాత్రి కోసెయ్ అన్నచోట
మడత పెట్టు అని రాశాను.

పొద్దున, నిన్నటి జాబితా మళ్ళీ తీసి తలుపుకి అంటిస్తే

రవెలుమనంత్
సువ

ఒకరి కింద ఒకరు. ఇద్దరికీ కలిపి ఒకటే బరువు, ఒకటే డబ్బు.

వరసంతా ఘొల్లున నవ్వింది.
పెళ్ళెప్పుడయింది, భోజనాలేవి?
ముసలాయన టోపీ తీసి, దులిపి, మళ్ళీ పెట్టుకున్నాడు.
సువ మాత్రం మెడ వంచి చూస్తూ ఉండిపోయింది,
తన అసలు వరస ఇంకా కిందెక్కడో ఉంటే
వెతుక్కోనేలేదు.

సిగ్గేసింది నాకు. మధ్యాహ్నానికల్లా
కిందికి దిగిన ముక్క ముందు రెండు ఖాళీలు పెట్టాను,
అది వేరే మనిషి కాదని తెలియాలని.

కొట్టు మూసే వేళకి ఆమె వచ్చింది.
చేతిలో బుట్ట లేదు.
ఆ రెండు ఖాళీల మీద వేలు పెట్టి అడిగింది:
"ఎందుకమ్మా, దూరం జరిపావు?"