పల్లం

అనకాపల్లి గోవిందు ఫోనులోనే తేల్చేశాడు:
"సొరంగం లేకుండా సీనరీ ఏంటండీ?"
అతని పలక మీద రెండు కొండలు, ఒక లోయ,
రైలు దూరి మాయమై మళ్లీ పుట్టే చీకటి.

మా రామచంద్రపురంలో రైలు దాక్కునే చోటేదీ?
రాకముందే తల కనిపిస్తుంది,
పోయాక కూడా చాలాసేపు తోక కనిపిస్తుంది.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, ఇదీ నా వంతు.
కొసల్లో పట్టా ఎక్కడ తగలాలో, ఎంత ఎత్తుండాలో
అందరికీ ఒకటే కట్టడి.
మధ్యలో ఏం పెట్టుకుంటావో నీ ఇష్టం అన్నారు.
నేనేం పెట్టలేదు. తవ్వాను.

రొయ్యలు సర్దే ధర్మాకోల్ పెట్టె మూత అది,
మూడుసార్లు కడిగినా వాసన పోలేదు,
పోకపోతేనే మంచిదనుకున్నాను.
కాలవ కోశాను, కాలవలోంచి బోదె కోశాను,
బోదెలోంచి చేలోకి వెంట్రుకంత తూము.
మా వైపు దృశ్యం పైకి లేవదు,
కిందికి దిగుతుంది.

పగలంతా ల్యాబులో రక్తం బొట్టుని
గాజు మీద పల్చగా పరిచే వేళ్లు
రాత్రిళ్లు సిరంజితో ఫెవికాల్ నీళ్లు చుక్కలేస్తాయి.
కంకరంటే టీ జల్లెడ పట్టిన గోదారి ఇసుక.
గట్టంటే కొబ్బరి పొట్టు.
ఎండిన టీ పిప్పి దున్నిన చేను.
కొబ్బరిచెట్టు నాలుగున్నర అంగుళాలు,
మనిషి బియ్యపుగింజన్నర.
కొంగ చేతకాలేదు,
నువ్వుగింజకి తెల్లరంగేసి ఊరుకున్నాను.

లెక్కకి మన పెద్ద లైను పదిన్నర మిల్లీమీటర్లు రావాలి.
దొరికే పట్టా తొమ్మిదే.
ఆ ఒకటిన్నర అబద్ధాన్ని అందరం కలిసి మోస్తున్నాం.
మండపేట జిలానీ ఒక్కడే
"నాకు తెలుస్తుందమ్మా" అని కళ్లజోడు తీసేస్తాడు.

జులైలో కాలవకి రెజిన్ పోశాను.
ముసురుకి అది గట్టిపడలేదు, బురదరంగు తేలింది.
అత్తగారు వంగి చూసి "వరదొచ్చిందే!" అంది.
ఇంకేం, వరదనే ఉంచేశాను.

కాకినాడలో ఒక స్కూలు హాలు.
పద్నాలుగు పలకలు, పద్నాలుగు ఊళ్లు, మధ్యలో క్లాంపులు.
గోవిందు కొండ పక్కనే నా వరద.
రైలు సొరంగంలోంచి ఠీవిగా బయటికొచ్చి
నా పొలిమేరలో బోల్తాపడింది.
మళ్లీ పడింది.
మూడోసారికి గోవిందు నావైపు చూశాడు,
నేను కొండవైపు చూశాను.
నీరు పల్లమెరుగు అంటారు. చక్రమూ ఎరుగును.

మనవరాలి చెయ్యి వదిలి ఒక పెద్దాయన ముందుకొచ్చాడు.
మోకాళ్ల మీద కూలబడి, చెంప పలకకి ఆనించి,
ఒక కన్ను మూసి పట్టా పొడుగునా చూశాడు.
"అరనూలు పల్లం. చెక్క ముసురుకి వంగింది.
ప్యాకింగెయ్యాలి."
జేబులో బస్సు టిక్కెట్టు నాలుగు మడతలేసి
కింద దోపాడు, గోటితో తట్టి విన్నాడు.
"పంపండిప్పుడు."

వెళ్లింది.
ఎవరూ చూడలేదు, పిల్లలంతా సొరంగం దగ్గరే.

దడాల ఏసుపాదం. గ్యాంగులో ముప్పైరెండేళ్లట.
బాతుల్ని చూశాడు, టీ బడ్డీ చూశాడు,
గేటు దగ్గర చెయ్యూపే పిల్లని చూశాడు.
ఎవరికోసమో వెతుకుతున్నట్టు
ఈ కొసనుంచి ఆ కొసకి ఇంకోసారి చూశాడు.
"అన్నీ ఉన్నాయమ్మా," అన్నాడు.
"లైనుని ఎవరు చూసుకుంటున్నారు?"

ఆ రాత్రి లాడ్జి వంటకుర్రాణ్ని గుప్పెడు బియ్యం అడిగాను.
ఏరి ఏరి అయిదు గింజలు.
నారింజరంగు చొక్కాలు ఆరేసరికి రెండయింది.
నలుగురు నిలబడ్డారు.
అయిదో గింజ విరిగితే
దాన్ని పట్టా పక్కన వంచి అతికించాను.

మర్నాడు ఆయన రాలేదు.
సాయంత్రం దాకా ద్వారం వైపే చూశాను,
ఆ మధ్యలో రైలు రెండుసార్లు పడింది, వేరేవాళ్ల పలకల మీద.

సర్దేటప్పుడు టిక్కెట్టు చేతికొచ్చింది:
కోటిపల్లి నుంచి కాకినాడ, ఒకటిన్నర.
వచ్చే ఏడు ఏ హాలో, ఏ నేలో,
ఇదే మందం సరిపోదని తెలుసు.
సిరంజిల డబ్బాలో దాచాను.
ఆటోలో కుదుపుకి కొంగ ఊడిపోయింది.
ఇంకా వెతుకుతున్నాను.