రైటర్

స్టేషన్ల నన్ను రైటర్ సాబ్ అనేటోళ్లు.
ఇరవై రెండేండ్లు రాసిన.
ఖరాఖండిగ చెప్పాల్నంటే రాసింది ఒక్కటే వాక్యం:
"లొంగిపొమ్మన్నా వినక వారు కాల్పులు జరుపగా
ఆత్మరక్షణార్థం జరిపిన ఎదురుకాల్పుల్లో..."
ఆ తర్వాత ఖాళీ.
ఖాళీల పేర్లు నింపుడు.
పేరు తెల్వకుంటే వయసు,
వయసు తెల్వకుంటే చొక్కా రంగు.

ములుగు దాటినంక అడవి అంచు స్టేషన్.
వానకాలం కార్బన్ పేపర్ చెమ్మగిల్లేది,
మూడో కాపీల అక్షరాలు అలుక్కపోయేటివి.
మార్చురీకి పోయేది ఆ మూడో కాపీనే.
వేలిముద్ర వేసే తల్లులు
దాన్ని తలకిందులుగ పట్టుకునేటోళ్లు.

ఒక్కసారి మాత్రం సారంగపాణి
రాత్రి రెండింటికి నా టేబుల్ ముంగట నిలబడ్డడు.
బెల్టు లేదు. ఒక్క కాలికే బూటు.
"అన్నా, ఈసారి నిజంగనే.
వాగు కాడ ముందుగాల వాడే కాల్చిండు.
చెవు పక్కపొంటి పోయింది.
నేను కాల్వకుంటే నేను లేను.
జర కొత్తగ రాయి."

తెల్లారేదాక ఎతికిన.
ఆ నిజానికి తొడిగెటందుకు
నా కాడ మిగిలింది అదొక్క మాటే,
అబద్ధాలకు తొడిగి తొడిగి
మోచేతుల కాడ చినిగిన అంగీ.
అదే తొడిగిన.
ఎవ్వలూ నమ్మలే.
వాని పెండ్లాం గూడ.

మా అవ్వ కొమురవ్వ.
పద్నాలుగేండ్లప్పుడు, రజాకార్ల యాళ్ల,
పరకాల దిక్కు జొన్నచేన్ల దాక్కున్నది.
చేను కదిలింది. ఒకడు లోపలికొచ్చిండు.
చేతిల కొడవలున్నది.
చెప్పినప్పుడల్లా అక్కడ ఆగేది.
మళ్ల మొదలువెడితే వాని జేబు ముచ్చటే:
పిడికెడు పుట్నాలు, ఒక గాజు గోటీ.
"గోటీలాడే వయసు బిడ్డా. నా ఈడే."

కొత్తగ కొలువుల చేరిన రోజులు నాయి.
చట్టం సదివిన తెలివితోని అన్న:
"అవ్వా, అది ఖూనీ గాదు.
దాన్ని ఆత్మరక్షణ అంటరు. శిచ్చ లేదు."
బియ్యం చెరుగుతున్నది. చాట ఆపలే.
"నన్ను నేను కాపాడుకున్న, నిజం.
వాన్ని సంపిన, అదీ నిజం.
మళ్ల అట్లనే వస్తే మళ్ల సంపుత.
మళ్ల ఏడుస్త.
ఇండ్ల నీ శిచ్చ ముచ్చటేంది?"

జొన్న కోత మొదలైన నాడు
మా ఇంట్ల పొయ్యి వెలిగేది గాదు.
ఎందుకని మా నాయినెన్నడూ అడగలే.
ఆమె పోయినంక దూలం సందుల
పసుపుగుడ్డ మూట దొరికింది.
గోటీ.

నిరుడు హన్మకొండ చౌరస్తల
మనుమరాలి పరీక్షలకు పెన్ను కొనవోయిన.
రాస్తదో లేదో చూద్దామని చిత్తుకాగితం మీద గీకిన.
ఎవరైన అయితే పేరు రాసుకుంటరు,
లేకుంటే సున్నాలు చుడతరు.
నా చెయ్యి దానంతట అదే
ఆత్మరక్షణార్థం అని రాసింది,
గుండ్రంగ, ఒక్క ఒత్తు తప్పకుండ.

కొట్టు పిల్ల తొంగిచూసింది.
"మంచిగ రాస్తుందా తాతా?"

జేబుల గోటీ వేళ్లకు తగిలింది, సల్లగ.

రాస్తది బిడ్డా.
ఇంకోటి చూపియ్యి.